ఫోను తెర ఎందుకు తడబడుతుంది?

విద్యార్థులారా! హైదరాబాదులోని కృష్ణానగర్ సినిమా పనివారి పేట. అక్కడివారికి బాగా తెలిసిన లెక్క ఒకటుంది: సెకనుకు 24 నిశ్చల చిత్రాలు వరుసగా మారితే కంటికి కదలికగా తోస్తుంది.

ఫోను తెర కూడా అంతే. చాలా ఫోన్లలో అది సెకనుకు 60 సార్లు మారుతుంది. 1000 మిల్లీసెకన్లను 60తో భాగించండి. ఒక్కొక్క చిత్రానికి దక్కే గడువు సుమారు 16.7 మిల్లీసెకన్లు. సినిమా బొమ్మలు ముందే సిద్ధంగా ఉంటాయి. ఫోను మాత్రం మీరు వేలితో జరిపినప్పుడల్లా కొత్త బొమ్మను అప్పటికప్పుడు గీయాలి. అందుకు 20 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి. గడువు దాటింది కనుక పాత బొమ్మే మళ్ళీ కనబడుతుంది. అదే తడబాటు.

దీనిని కొలవవచ్చు. పెద్దల అనుమతితో ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగులలో 'బిల్డ్ నంబరు'ను ఏడుసార్లు తాకండి. డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో 'ప్రొఫైల్ హెచ్‌డబ్ల్యూయూఐ రెండరింగ్' ఎంచితే ఒక్కొక్క చిత్రానికి ఒక్కొక్క నిలువు పట్టీ కనబడుతుంది. అడ్డంగా ఉన్న ఆకుపచ్చ గీత 16 మిల్లీసెకన్ల హద్దు.

ఒకే యాప్‌లో పట్టీలు హద్దు దాటితే లోపం చాలావరకు ఆ యాప్‌దే. అన్నింటిలోనూ దాటితే ఫోను వేడెక్కిందేమో, బ్యాటరీ పొదుపు పెట్టి ఉందేమో చూడండి. వేడెక్కిన ప్రాసెసరు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఒకసారికి ఒక్క మార్పే చేసి, మళ్ళీ కొలవండి.

కొత్త ఫోను కొనమని అమ్మానాన్నలను అడిగేముందు ఈ పరీక్ష చేయండి. వేల రూపాయలు మిగలవచ్చు.

అభ్యాసం: తెర సెకనుకు 120 సార్లు మారితే గడువెంత?