పోటీ పరీక్షల ప్రత్యేకం: ఆస్తమా – గాలి నాణ్యత

బాపట్ల జిల్లా వేటపాలెం జీడిపప్పుకు, చేనేతకు పేరు. జీడిగింజలు కాల్చే పొగ శ్వాసనాళాలను ఇబ్బంది పెడుతుంది. ఆస్తమా ఉన్నవారికి ఆయాసం పెరగవచ్చు. ఇక చేనేత విషయానికొస్తే, నూలు, పత్తి ధూళితో వచ్చే వృత్తి వ్యాధి బిస్సినోసిస్.

గుర్తుంచుకోండి
- ఆస్తమా: శ్వాసనాళాల వాపు, సంకోచం; పిల్లికూతలు, దగ్గు లక్షణాలు. అంటువ్యాధి కాదు.
- ప్రేరకాలు: పొగ, పుప్పొడి, దుమ్ము పురుగులు, ఓజోన్, నైట్రోజన్ డయాక్సైడ్.
- పీఎం 2.5 (గాలిలోని సూక్ష్మ కణాలు) వార్షిక పరిమితి (ఘనపు మీటరుకు మైక్రోగ్రాములు): భారత్ (2009) 40, ప్రపంచ ఆరోగ్య సంస్థ (2021) 5.
- జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం ప్రారంభం: 2019.
- ప్రపంచ ఆస్తమా దినం: మే తొలి మంగళవారం.

మాదిరి ప్రశ్న: బిస్సినోసిస్‌కు కారణం?
ఎ) సిలికా బి) పత్తి ధూళి సి) ఆస్‌బెస్టాస్ డి) బొగ్గు ధూళి
జవాబు: బి