కంటి వాపులా కనిపించే క్యాన్సర్

లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు మన శరీరాన్ని సూక్ష్మజీవుల నుంచి కాపాడతాయని గత పాఠంలో చదివారు. ఆ కాపలా కణాలే అదుపు తప్పి పెరిగితే వచ్చే క్యాన్సర్‌ను లింఫోమా అంటారు. సాధారణంగా ఇది మెడలో, చంకల్లో, గజ్జల్లో గడ్డలుగా బయటపడుతుంది. అరుదుగా కంటికీ వస్తుంది.

తెల్లగుడ్డుపై పొరలోనో, కనుగుడ్డు చుట్టూనో వచ్చే లింఫోమా చాలావరకు నెమ్మదిగా పెరుగుతుంది. నొప్పిలేని గులాబీ రంగు మచ్చలా కనిపించవచ్చు. చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. తక్కువ మోతాదు రేడియేషన్‌కు సాధారణంగా లొంగుతుంది.

కంటి లోపల వచ్చేది అలా కాదు. కటకం వెనుక ఉండే జిగురు పదార్థాన్ని విట్రియస్ అంటారు. అందులోనూ, నేత్రపటలంలోనూ ఈ కణాలు చేరతాయి. చూపు మసకబారుతుంది. కళ్ళముందు చుక్కలు, దారపు పోగులు తేలుతున్నట్లుంటుంది. రోగులు ఎక్కువగా 50 ఏళ్ళు దాటినవారే కాబట్టి ఇంట్లోవాళ్ళు శుక్లమనుకుంటారు. వైద్యునికేమో యువైటిస్ అనే కంటి లోపలి వాపులా కనిపిస్తుంది. ఆ వాపుకు వాడే స్టిరాయిడ్ మందుతో కొన్నాళ్ళు గుణం కూడా కనిపిస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. స్టిరాయిడ్ లింఫోమా కణాలను కూడా కొంతవరకు చంపుతుంది. అందువల్ల గుణం కనిపించినంత మాత్రాన అది వాపేనని తేల్చడానికి వీల్లేదు. మందు తగ్గించగానే మసక మళ్ళీ వస్తుంది.

మరి నిర్ధారణ ఎలా? శస్త్రచికిత్సతో విట్రియస్ నుంచి కొద్దిగా తీసి సూక్ష్మదర్శినితో చూస్తారు. ఈ కణాలు త్వరగా చితికిపోతాయి గనుక నమూనా ఆలస్యం లేకుండా ప్రయోగశాలకు చేరాలి. వీలుంటే వైద్యులు ముందుగా స్టిరాయిడ్ ఆపిస్తారు. మీ అంతట మీరు మాత్రం ఆపరాదు.

కంటి జబ్బుకు మెదడు ఎంఆర్ఐ ఎందుకని మీరు అడగవచ్చు. పిండదశలో నేత్రపటలం మెదడు భాగం నుంచే ఏర్పడుతుంది. ఈ రోగుల్లో సగానికి మించినవారిలో వ్యాధి ఎప్పుడో ఒకప్పుడు మెదడులోనూ కనిపిస్తుంది. ప్రాణాపాయం అక్కడిదే.

చికిత్సలో మెథోట్రెక్సేట్ మందును కంటిలోకే ఇంజెక్షన్‌గా ఇస్తారు. మోతాదు 400 మైక్రోగ్రాములు మాత్రమే. కొందరికి రిటుక్సిమాబ్, మరికొందరికి రేడియేషన్ ఇస్తారు. మెదడుకూ వ్యాపిస్తే మెథోట్రెక్సేట్‌ను పెద్ద మోతాదులో నరం ద్వారా ఎక్కిస్తారు. చూపు బాగుపడిన తర్వాత కూడా మెదడు పరీక్షలు మానరాదు.

పాఠగత ప్రశ్న: మీ పక్కింట్లో 62 ఏళ్ళ పెద్దాయనకు స్టిరాయిడ్ చుక్కలు ఆపినప్పుడల్లా చూపు మసకబారుతోంది. ఇది మూడోసారి. వైద్యుణ్ణి ఏమి అడగమని ఆయనకు చెబుతారు? మూడు వాక్యాల్లో రాయండి.