"మీరే చూసుకోండి" అనే యజమాని

జీతం మనం అనుకున్నదానికంటే ఎక్కువ. తిండి, వసతి వాళ్లవే. ఒకటే షరతు: "అక్కడి విషయాలేవీ నా దాకా తేవద్దు, మీరే చూసుకోండి." హాస్టల్ వార్డెన్లకు, ఊరికి దూరంగా ఉండే సైట్ ఇన్‌ఛార్జిలకు, ఇళ్లలో ఉండి పెద్దవాళ్లను చూసుకునే నర్సులకు ఈ మాట కొత్త కాదు. ఎంత స్వేచ్ఛ ఇస్తున్నారో అని మురిసిపోయే ముందు హెన్రీ జేమ్స్ 1898లో రాసిన 'ది టర్న్ ఆఫ్ ది స్క్రూ' చదవండి. దెయ్యాల కథగా పేరుపడ్డ చిన్న నవల. నా మటుకు అది ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి కథ.

ఆమెకు ఇరవయ్యేళ్లు, పల్లెటూరి పాస్టరు కూతురు. ఇద్దరు అనాథ పిల్లలకు చదువు చెబుతూ ఎసెక్స్‌లోని బ్లై బంగళాలో ఉండాలి. ఉద్యోగం ఇచ్చేది లండన్‌లో ఉండే వాళ్ల పెదనాన్న. ఆయన షరతు విని అప్పటికే కొందరు వెనక్కి తగ్గారు. ఈమె ఒప్పుకుంది. తనకు ముందు పనిచేసినామె చనిపోయిందని తెలిసింది గానీ, ఎలా పోయిందో చెప్పేవాళ్లు లేరు.

చేరిన కొత్తలోనే యజమాని నుంచి కవరు వచ్చింది. లోపల ఆయనకు వచ్చిన మరో ఉత్తరం, సీలు కూడా తీయలేదు. మీరే చదివి ఏదోటి చేయండి, నాకు మాత్రం చెప్పొద్దు అని పైన నాలుగు ముక్కలు. తీరా చూస్తే ఆ ఇద్దరిలో బడికెళ్లిన పిల్లవాణ్ని అక్కడి నుంచి తీసేశారని! కారణం లేదు. ఇంటి పెత్తనం చూసే మిసెస్ గ్రోస్‌కు చూపిద్దామంటే ఆమెకు చదువు రాదు. ఇక ఈమె తీసుకున్న నిర్ణయం చూడండి: హెడ్మాస్టరుకు జవాబు రాయదు, పెదనాన్నకు చెప్పదు, పిల్లవాణ్ని అడగదు.

నన్నడిగితే కథ చెడింది ఇక్కడే, దెయ్యాలు రాకముందే. కారణమేమిటని బడికి రెండు లైన్లు రాయాల్సింది. "మీ ఉత్తరం అందింది, ఫలానా విధంగా చేస్తున్నాను" అని యజమానికీ ఒక కాగితం పంపాల్సింది. ఆయన చదవకపోయినా సరే, పంపినట్టు రుజువుంటుంది. మీకైతే మెయిల్, కనీసం వాట్సాప్ చాలు. ఆమె చివరికెప్పుడో రాసింది, అదీ కలవాలని మాత్రమే. ఆ ఉత్తరాన్ని పిల్లవాడే కాజేశాడు.

తర్వాత ఆమెకు కనిపించే దెయ్యాలు నిజమా, ఆమె భ్రమా అన్నది పాఠకులు ఇప్పటికీ తేల్చుకోలేదు. పక్కన సరిచూసే మనిషి లేకపోతే ఎవరి బుర్రయినా అలాగే తయారవుతుంది. అందుకే అలాంటి చోట చేరితే అదే పని చేసే బయటివాళ్లు ఒకరితో వారానికోసారైనా మాట్లాడుతూ ఉండండి.

ఈ నవల ఆధారంగా జాక్ క్లేటన్ 1961లో తీసిన సినిమా 'ది ఇన్నోసెంట్స్'లో ఉద్యోగం ఇచ్చే ఇంటర్వ్యూ సీను తప్పకుండా చూడండి. ఆమెగా నటించిన డెబొరా కెర్‌ను పెదనాన్నగా వేసిన మైకేల్ రెడ్‌గ్రేవ్ ఎంత మర్యాదగా బుట్టలో వేస్తాడో! బాధ్యత మొత్తం ఆమె నెత్తికెత్తి హాయిగా తప్పుకుంటాడు. 2020 నాటి నెట్‌ఫ్లిక్స్ సిరీస్ 'ది హాంటింగ్ ఆఫ్ బ్లై మేనర్'లో అదే ఉద్యోగానికి వచ్చే డానీ కాస్త నయం. ఈ ఉద్యోగ ప్రకటన ఇన్ని నెలలుగా ఎందుకు కనిపిస్తోంది, ఇందులో మెలికేంటి అని మొహమ్మీదే అడుగుతుంది. మీరూ అడగండి. దానికితోడు, రాత్రిపూట ఏదైనా జరిగితే ఫోన్ చేయడానికి ఒక పేరు, ఒక నంబరు ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి. అందుకూ ఒప్పుకోకపోతే జీతం ఎంతన్నా చేరకండి.