కేరీగారి తోట నేర్పే పాఠం

చదువు, సంపాదన, ఇంటి బాధ్యత - ఈ మూడింటిలో దేనికీ చెందకుండా, తీరిక దొరికితే చాలు మనసు పరుగెత్తి వెళ్ళి వాలే పని ఒకటి ప్రతి మనిషికీ ఉంటుంది. దానినే హాబీ అంటున్నాము. ఒకరికి పాట, ఒకరికి బొమ్మలు వేయడం, ఒకరికి క్రికెట్టు. నాకు మొక్కలు.

అయితే మా క్రైస్తవ విద్యార్థుల మధ్య ఒక ప్రశ్న తరచుగా వస్తూ ఉంటుంది. విశ్వాసమే ముందు అనుకొన్నవాడు, అందులోను ఇంట్లో ఇబ్బందులున్నవాడు, తన సరదా కోసం సమయం వెచ్చించవచ్చునా? కొందరు మిత్రులు అదంతా లోకాశ అని కొట్టి పారేస్తారు. మరికొందరు, "ఆదివారం ఒక గంట గుడికి వెళ్ళి వస్తే చాలదా, మిగతాది మన ఇష్టం" అంటారు. ఈ రెండు మాటలూ సరికావని నా అభిప్రాయం. నాకంటె ముందు ఈ దారిన నడిచిన ఒక వృక్షశాస్త్ర ప్రేమికుని జీవితం చూస్తే నా అభిప్రాయం తేటపడుతుంది. ఆయనే విలియం కేరీ. క్రైస్తవేతర మిత్రులు కూడ ఆయనను ఒక విజ్ఞానాభిలాషిగా చూసి ఈ నాలుగు మాటలు చదువగలరని ఆశిస్తున్నాను.

కేరీ 1761లో ఇంగ్లండులోని పాలర్స్‌పరీ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి నేతగాడు, తరువాత బడిపంతులు. కుర్రవాడి గది నిండా పురుగులూ, మొక్కలూ ఉండేవట. ఎండ పడని చర్మవ్యాధి వల్ల బయటి పనికి పనికిరాక, చెప్పులు కుట్టే పని నేర్చుకొన్నాడు. ఆ పని చేసుకొంటూనే భాషలు నేర్చి, బోధకుడై, 1793లో బెంగాలు చేరాడు.

వచ్చిన వెంటనే కష్టాలు చుట్టుముట్టాయి. చేతిలో డబ్బు లేదు. 1794లో మద్నబాటి అనే చోట నీలిమందు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికింది. ఆ సంవత్సరమే అయిదేళ్ళ కొడుకు పీటర్ జబ్బుచేసి చనిపోయాడు. భార్య డారతీ మానసిక వ్యాధికి లోనై, 1807లో మరణించేవరకు కోలుకోలేదు. విశ్వాసం ఉన్నవాడికి కష్టాలు రావు అనేవారు ఈ ఇంటిని ఒకసారి చూడాలి. ఇన్ని కష్టాల మధ్య కూడ ఆయన ఇంగ్లండుకు రాసిన ఉత్తరాలలో విత్తనాలు పంపండి, పనిముట్లు పంపండి అని అడుగుతూనే ఉన్నాడు.

1800లో కలకత్తాకు ఎగువన, హుగ్లీ ఒడ్డునున్న శ్రీరాంపూరుకు మకాం మార్చాడు. అది అప్పట్లో డేనిషు వారి పట్టణం. అక్కడ సుమారు అయిదెకరాలలో తోట వేసి, లిన్నేయస్ పద్ధతిలో మొక్కలను వరుసలు తీర్చాడు. ఇంగ్లండు నుంచి విత్తనాలు వచ్చిన సంచిని ఒకసారి నీడపట్టున దులిపితే, అడుగున మిగిలిన మట్టిలోంచి కొన్నాళ్ళకు ఒక డెయిజీ మొక్క లేచింది. తన పల్లె గట్ల మీద పూసే పువ్వు! ఏటేటా దాని విత్తనం పట్టి, ఎండలకు చావకుండా కాపాడుకొన్నాడు. పరదేశంలో ఇంటి మీద బెంగ పడ్డవారికి ఆయన సంతోషం తెలుస్తుంది. హాస్టలులో ఉండే మనకూ కొంత తెలుస్తుంది.

ఆయన తోటకు మన తెలుగు నేలతో కూడ చుట్టరికం ఉన్నది. 1780లలో మన సామర్లకోటలో మొక్కలను పరిశీలించిన డాక్టరు రాక్స్‌బర్గ్, తరువాత కలకత్తా తోటకు అధికారియై కేరీకి స్నేహితుడయ్యాడు. ఒక ప్రజాతికి 'కేరియా' అని పేరు పెట్టాడు. కేరియా ఆర్బోరియా చెట్టు మన అడవులలోనూ ఉన్నది. రాక్స్‌బర్గ్ 1815లో చనిపోగా, ఆయన రాసిన 'ఫ్లోరా ఇండికా'ను కేరీ పరిష్కరించి శ్రీరాంపూరు ముద్రణాలయంలో అచ్చు వేయించాడు. మొదటి సంపుటం 1820లో వచ్చింది. ఆ సంవత్సరమే కేరీ చొరవతో భారత వ్యవసాయ, ఉద్యానవన సంఘం ఏర్పడింది. రైతుబిడ్డనైన నాకు ఈ సంగతి ప్రత్యేకంగా నచ్చింది. పువ్వుల మీది సరదా పంటల దాకా నడిచిందన్నమాట.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇంత ఇష్టమైన తోట ఆయన జీవితంలో ఎన్నో స్థానంలో ఉన్నది? దీనికి నేను మూడు కొలతలు పెట్టి చూశాను.

మొదటిది సమయం. 1806 జూన్‌లో కలకత్తాలో గడిపిన ఒక రోజును గూర్చి ఆయన స్నేహితునికి రాశాడు. ఉదయం ఆరు కాకముందే లేచి హెబ్రీ బైబిలులో ఒక అధ్యాయం, ఏడింటి దాకా ప్రార్థన, తరువాత కుటుంబ ప్రార్థన, మునిషీ దగ్గర పారశీకం, పండితునితో రామాయణ అనువాదం, కాలేజీ పాఠాలు. సాయంత్రం ఆరింటికి ఒక తెలుగు పండితుని దగ్గర కూర్చుని మన భాష నేర్చుకోవడం. రాత్రి ప్రసంగం, మళ్ళీ అనువాదం. అంత పని ఉన్న రోజున కూడ మొదటి ఘడియ దేవునిదే. మిగిలిన కాలంలోనుంచే తోటకు సమయం దొరకాలి. శ్రీరాంపూరులో ఉన్నప్పుడు ఆ తోటలోనే నడుస్తూ ప్రార్థన చేసేవాడట. అంటే రెండోది మొదటిదానికి పోటీ రాలేదు, చోటిచ్చింది.

రెండవది డబ్బు. ఫోర్ట్ విలియం కాలేజీలో ఆయనకు పెద్ద జీతమే వచ్చేది. తన కుటుంబానికి కావలసిన కొద్దిపాటి మొత్తం ఉంచుకొని మిగతాదంతా ఉమ్మడి పనికే ఇచ్చేశాడు.

మూడవది నష్టం. 1812 మార్చి 11న ముద్రణాలయం తగలబడింది. సంవత్సరాల తరబడి రాసిన రాతప్రతులు బూడిదయ్యాయి. వాటిలో మన తెలుగు వ్యాకరణం కూడ ఉన్నది. ఆయన ఏడ్చాడు, తరువాత మళ్ళీ రాయడానికి కూర్చున్నాడు. 1814లో ఆ వ్యాకరణం అచ్చయింది. 1818లో తెలుగు కొత్త నిబంధన వెలువడింది. 1823లో జారిపడి తుంటికి దెబ్బ తగిలి మంచాన ఉండగా, వరద వచ్చి తోట నాశనమయింది. అప్పటికి ఆయనకు అరవైరెండేళ్ళు. కోలుకొన్నాక మళ్ళీ మొక్కలు నాటాడు. పని పోయినా, సరదా పోయినా మనిషి నిలిచాడంటే, ఆయన ఆధారం ఆ రెండింటిలోనూ లేదనే కదా!

ఇక్కడ ఒక సంగతి మరువరాదు. 1829 డిసెంబరులో సతీసహగమన నిషేధ శాసనాన్ని బెంగాలీలోకి అనువదించమని ప్రభుత్వం పంపిన కాగితం ఆయనకు ఆదివారం నాడు అందింది. ఆ రోజు చేయవలసిన ప్రసంగం మరొకరికి అప్పగించి, పండితునితో కూర్చుని సాయంత్రానికి అనువాదం ముగించాడు. ఒక్క రోజు ఆలస్యమైనా ఏ ఆడకూతురి ప్రాణమో పోతుందని ఆయన భయం. విశ్వాసం ముందు అంటే గడియారం చూసి గుడిలో కూర్చోవడం మాత్రమే కాదని దీనివల్ల తెలుస్తున్నది. ప్రాణం కోసం ప్రసంగ పీఠాన్ని వదిలాడు, పువ్వుల కోసం మాత్రం వదలలేదు. ఈ తేడా గ్రహిస్తే చాలావరకు మన ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

నా సంగతి కూడ రెండు మాటలు చెబుతాను. మా నాన్న కౌలు రైతు. రెండేళ్ళ క్రితం కోతకొచ్చిన వరి తుపాను వానకు పడిపోయి, గింజలు చేలోనే మొలకెత్తాయి. కౌలు బస్తాలు కొలవక తప్పలేదు, అప్పు మిగిలింది. ఆ రోజుల్లోనే ఒక నర్సరీ యజమాని, నేను అంట్లు బాగా కడతానని ఎవరో చెప్పగా, సీజనంతా ఆదివారాలు రమ్మని కబురంపాడు. ఇష్టమైన పని, పైగా కూలి. ఫీజుకు సరిపోతుంది. అమ్మ ఏమీ అనలేదు. నాన్న మాత్రం, "మొక్కల మీద మక్కువ ఉండొచ్చురా, కాని మక్కువకు ముకుతాడు ఉండాలి. అది నిన్ను లాక్కుపోతోందో, నువ్వు దాన్ని తోలుతున్నావో చూసుకో" అన్నాడు.

నేను ఆలోచించి, ఆరాధన అయ్యాక మధ్యాహ్నం నుంచి వస్తానన్నాను. సగం కూలే ఇచ్చారు. తక్కువపడ్డ ఫీజుకు అమ్మ పాడిగేదె పాలడబ్బు సర్దింది. ఆ సగం రోజు విలువ మా ఇంట్లో అందరికీ తెలుసు. అయినా ఎవరూ దెప్పలేదు. అదే చేనుకు గండి పడిందని కబురు వస్తే మాత్రం, ఆరాధన మధ్యలోనైనా లేచి పార పట్టుకొని పరుగెత్తేవాడిని. దేవుడు దానికి తప్పు పట్టడని నా నమ్మకం. గండి పూడ్చడం పదిమంది కూడు కాపాడటం. అంటు కట్టడం నా సరదా, నా సంపాదన. అది మధ్యాహ్నం దాకా ఆగుతుంది.

ఈ రెండేళ్ళలో నాకు తెలిసివచ్చిన లాభం ఒకటున్నది. మొక్కనే సర్వస్వం అనుకొన్నవాడు, కట్టిన పది అంట్లలో నాలుగు ఎండిపోతే కుంగిపోతాడు. దానిని రెండో స్థానంలో ఉంచినవాడు, ఎందుకు ఎండిందో విప్పి చూసి మరో కొమ్మ కోసుకొంటాడు. ప్రభువు అడవి పువ్వులను చూడమన్నాడు, మొదట తన రాజ్యాన్ని వెదకమన్నాడు. ఈ రెండు మాటలూ మత్తయి సువార్త ఆరో అధ్యాయంలోనే, పక్కపక్కనే ఉన్నాయి. పువ్వును చూడవద్దని ఆయన ఎక్కడా అనలేదు.

కాబట్టి సోదర విద్యార్థులారా! కష్టాలున్నాయని మీ పాటను, మీ బొమ్మలను, మీ ఆటను చంపుకోకండి. అవి దేవుడిచ్చిన ఊరట. కాని వారానికి ఒకసారి ఆ మూడు కొలతలూ పెట్టి చూసుకోండి: నా మొదటి ఘడియ ఎవరిది? నా రూపాయి ఎటు పోతున్నది? ఇది రేపు పోతే నేను నిలబడతానా? మూడింటికీ ధైర్యంగా జవాబు చెప్పగలిగితే, హాయిగా వెళ్ళి మీ మొక్కలకు నీళ్ళు పోసుకోండి.