ఫ్రెంచ్ మాటలు: ముందు చెవికి, ఆ తర్వాతే నోట్‌బుక్కుకి



పోయిన నెల ఏడో తరగతి ఫ్రెంచ్ పీరియడ్‌లో, ఇంట్లో ఎవరు ఏం పని చేస్తారో ఒక్కో వాక్యం చెప్పమని పిల్లల్ని అడిగాను. కైకలూరు వైపు నుంచి స్కూలు బస్సులో వచ్చే ఒక బాబు లేచి, ఎక్కడా తడుముకోకుండా, "మా నాన్న విషం అమ్ముతారు" అని ఫ్రెంచ్‌లో చెప్పాడు.

వాళ్ల నాన్నగారికి కొల్లేరు పక్కన చేపల చెరువులున్నాయి. బాబు చెప్పాలనుకున్నది చేపల గురించే. ఫ్రెంచ్‌లో చేపని 'ప్వాసోఁ' అంటారు, విషాన్ని 'ప్వాజోఁ' అంటారు. రాతలో చేపకి రెండు ఎస్‌లు, విషానికి ఒకటి. అంతే తేడా. సంగతి చెప్పేసరికి క్లాసంతా నవ్వింది, వాడూ నవ్వాడు.

నాకు మాత్రం ఆ రోజంతా అదే ఆలోచన. అంతకు ముందు వారమే స్పెల్లింగ్ టెస్టులో ఆ బాబుకి 20కి 20 వచ్చాయి. చేప అన్న మాటని రెండు ఎస్‌లతో సరిగ్గానే రాశాడు. తప్పు వాడిది కాదు, నాది. ఆ మాటని పదిసార్లు రాయించాను గానీ పదిసార్లు వినిపించలేదు.

నేనూ అలాగే చదివాను

ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచ్ తీసుకుంటే మార్కులు బాగా వస్తాయని అందరూ అంటే తీసుకున్నాను. నిజంగానే వచ్చాయి. బీఈడీ అయ్యాక స్నేహితురాలి పెళ్లికి యానాం వెళ్లాను. అక్కడ ఒక పెద్దాయన, నేను ఫ్రెంచ్ చదివానని తెలిసి, సంతోషంగా "కొమాఁ తాలే వూ?" అని పలకరించారు. "ఎలా ఉన్నారండీ?" అని అర్థం. మొదటి పాఠంలోనే ఉన్న వాక్యం. కాగితం మీద రాసి చూపిస్తే వెంటనే గుర్తుపట్టేదాన్ని. చెవిన పడితే మాత్రం అర్థం కాలేదు.

యానాంలో ఫ్రెంచ్ వినిపించడంలో ఆశ్చర్యం లేదు. మన గోదావరి తీరాన ఉన్న ఆ ఊరు 1954 దాకా ఫ్రెంచివారి పాలనలో ఉంది. 1962లో చట్టపరంగా కూడా మన దేశంలో కలిసింది. అంతెందుకు, మన ఏలూరు కూడా కొన్నేళ్లు ఫ్రెంచివారి చేతిలో ఉన్నదే. 1753లో సలాబత్ జంగ్ వాళ్లకిచ్చిన నాలుగు సర్కారుల్లో ఏలూరు సర్కారు ఒకటి. 1758లో చందుర్తి యుద్ధం, ఆ మరుసటి ఏడు మచిలీపట్నం ఓటమితో ఆ ముచ్చట ముగిసింది.

తెలుగు పిల్లలకి ఉన్న సౌకర్యం

"ఇంగ్లిషే కష్టంగా ఉంటే మళ్లీ ఫ్రెంచ్ ఎందుకండీ?" అని కొందరు పేరెంట్స్ అడుగుతుంటారు. పలకడం వరకూ చూస్తే, తెలుగు మాట్లాడే పిల్లలకి ఫ్రెంచ్ మనం అనుకున్నంత దూరం కాదు.

ఫ్రెంచ్‌లో టీ, డీ అక్షరాలని మన త, ద లాగే నాలుక పళ్లకి తగిలించి పలకాలి. ఇంగ్లిష్‌లో 'టేబుల్', ఫ్రెంచ్‌లో 'తాబ్ల్'. రెండిటికీ స్పెల్లింగ్ ఒకటే.

ముక్కుతో పలికే అచ్చులు ఫ్రెంచ్‌లో చాలా ఎక్కువ. వాటి కోసమే ఇక్కడ నేను అరసున్న వాడుతున్నాను. అమ్మమ్మ, తాతయ్యలు పాత పుస్తకాల్లో చదువుకున్న అరసున్నే ఇది. 'బోఁ' అంటే మంచిది. చివర పూర్తి 'న్' గానీ 'మ్' గానీ రాకూడదు.

'తూ' అంటే నువ్వు, 'వూ' అంటే మీరు. ఎవరిని ఏమనాలో మన పిల్లలకి ఇంట్లోనే అలవాటు.

పై వాక్యంలో 'కొమాఁ' తర్వాత మాట అసలు 'ఆలే'. విడిగా ఉంటే పలకని టీ అక్షరం, పక్కన అచ్చు వచ్చేసరికి బయటికొచ్చి 'తాలే' అయింది. సంధులు చదివిన పిల్లలకి, మాటలు ఇలా కలిసిపోతాయంటే ఇట్టే అర్థమవుతుంది.

ఇక చివరి అక్షరం పలకకపోవడం. అది మనకి తెలియకుండానే వచ్చేసింది. తాడేపల్లిగూడెం ఆర్టీసీ డిపో, పెళ్లిలో బఫే భోజనం, చేతికిచ్చే బొకే... ఈ మూడూ ఇంగ్లిష్ ద్వారా మనకొచ్చిన ఫ్రెంచ్ మాటలే. మూడిటి చివరా టీ అక్షరం ఉంది. మనమెవరం దాన్ని పలకం. ఎందుకంటే ఈ మాటల్ని మనం చదివి నేర్చుకోలేదు, విని నేర్చుకున్నాం.

కష్టమైనవి కూడా ఉన్నాయి. 'తూ' లోని అచ్చు మన ఊ కాదు. పెదవులు ఊ అన్నట్టు గుండ్రంగా పెట్టి, లోపల ఈ అనాలి. ఆర్ అక్షరం గొంతులోంచి రావాలి. పైగా ప్రతి వస్తువూ పుంలింగమో స్త్రీలింగమో అవుతుంది. అందుకే మాటని ఒంటరిగా నేర్చుకోకూడదు. ముందు 'లె' గానీ 'లా' గానీ చేర్చి, 'లా తాబ్ల్' అని ఒకే మాటలా నోటికి రావాలి.

ఈ నెల మాటలు: కొల్లేరు

లె లాక్: సరస్సు
లో: నీళ్లు
లె ప్వాసోఁ: చేప
లె బాతో: పడవ (బాతు కాదు! కానీ ఇదీ నీళ్ల మీద తేలేదే, కాబట్టి పిల్లలు మర్చిపోరు)
ల్వాజో: పక్షి
లె పెలికాఁ: గూడబాతు (ఆటపాకలో చూశారుగా)
లె రీ: బియ్యం, అన్నం
లె మార్షే: మార్కెట్
లోన్యోఁ: ఉల్లిపాయ (గూడెం మార్కెట్ గుర్తుంటే చాలు)

తెలుగు అక్షరాల్లో రాసింది దగ్గరి పోలిక మాత్రమే. అసలు పలుకు క్లాసులో వినిపించే ఆడియోదే.

ఇంట్లో పది నిమిషాలు

1. పుస్తకం మూసి మొదలుపెట్టండి. రోజుకి ఐదు మాటలు చాలు. ఒక్కో మాటా మూడు నాలుగుసార్లు ఆడియోలో విననివ్వండి.

2. మొదట పలకమనొద్దు, చూపించమనండి. 'లో' అని వినగానే మంచినీళ్ల బాటిల్, 'లె రీ' అనగానే అన్నం గిన్నె చూపించాలి. మాట అర్థమైందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

3. తర్వాత పలకాలి, ఆ మాటతో చిన్న వాక్యం చెప్పాలి. "జె మాఁజ్ ద్యు ప్వాసోఁ" అంటే నేను చేప తింటాను.

4. అవే మాటలు మర్నాడు ఒకసారి, మూడో రోజు ఒకసారి, వారం తర్వాత ఒకసారి అడగండి. ఒకే రోజు ఇరవైసార్లు చదివించేకన్నా ఇది మేలు.

5. రాయడం అన్నిటికంటే చివర. అదీ చూసి కాదు, విని రాయాలి.

"మాకు ఫ్రెంచ్ రాదు కదండీ" అంటారేమో. రాకపోవడమే ఇక్కడ మంచిది. మీరు విద్యార్థి, మీ పాప టీచర్. నానమ్మకి నేర్పమనండి. నేర్పాలంటే గట్టిగా, స్పష్టంగా, మళ్లీ మళ్లీ పలకాలి. మనకి కావలసిన ప్రాక్టీసు అదే. తప్పు పలికితే మందలించకండి, "ఇంకోసారి ఆడియో విందాం" అంటే సరిపోతుంది.

మార్కుల సంగతి

మార్కుల గురించి అడగడం తప్పేమీ కాదు. ఫ్రాన్స్ ప్రభుత్వం గుర్తించిన డెల్ఫ్ పరీక్షలో మొదటి మెట్టయిన ఏ1నే తీసుకోండి. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం, ఒక్కో దానికి 25 చొప్పున మొత్తం 100 మార్కులు. పాస్ కావాలంటే 50 రావాలి. అంటే సగం మార్కులు చెవికీ నోటికీ ఉన్నాయి. ఏ విభాగంలోనైనా 5 కంటే తక్కువ వస్తే, మిగతావి ఎంత బాగా రాసినా పాస్ కారు. నోట్‌బుక్ నింపితే సరిపోదని దీన్నిబట్టే తెలుస్తుంది.

ఈ నెల నుంచి మా క్లాసులో మొదటి పదిహేను నిమిషాలు పుస్తకాలు బ్యాగుల్లోనే ఉంటాయి. కొన్నాళ్లు మీ పిల్లల ఫ్రెంచ్ నోట్‌బుక్‌లో పేజీలు తక్కువ కనిపించవచ్చు. కంగారు పడకండి. సాయంత్రం "ఇవాళ ఎంత రాశావ్?" అని కాకుండా, "ఇవాళ ఏం విన్నావ్? నాకూ చెప్పు" అని అడగండి.

ఆ బాబు సంగతి అడుగుతారేమో. ఇప్పుడు వాళ్ల నాన్నగారు చక్కగా చేపలే అమ్ముతున్నారు. రోజూ ఇంట్లో అందరి చేతా 'ప్వాసోఁ' అనిపిస్తున్నాడట. నానమ్మగారికే అందరికంటే బాగా వచ్చిందట!

మీ
ఇంగ్లిష్, ఫ్రెంచ్ టీచర్