గండి పూడ్చే విద్య: ఆదేశాలతో సాఫ్ట్‌వేర్ ప్యాచ్ తయారీ

చెరువు కట్టకు గండి పడితే ఎవరూ కట్టంతా తవ్వి మళ్ళీ పోయరు. తెగిన చోట మట్టి పోసి, దిమ్మిసతో గట్టి చేస్తారు. చెరువుల కింద సేద్యం చేసే మన మెదక్ ప్రాంతం వారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. కంప్యూటర్ ప్రోగ్రాముల విషయంలోనూ పద్ధతి ఇదే. ఒక లోపం బయటపడితే ప్రోగ్రాము మొత్తం మళ్ళీ పంపకుండా, మారిన భాగాన్ని మాత్రమే పంపుతారు. దీన్నే ప్యాచ్ అంటారు. మన మాటల్లో మాసిక అనుకోవచ్చు. ఈ మాసికను ప్రతిసారీ చేత్తో కుట్టకుండా, రాసిపెట్టిన ఆదేశాలతో దానంతటదే తయారయ్యేటట్లు చేయడం ఎట్లాగో ఈ వ్యాసంలో చూద్దాం.

ముందు కొంచెం చరిత్ర. రెండు ఫైళ్ళను పోల్చి తేడా చూపే 'డిఫ్' అనే ప్రోగ్రాము 1970వ దశకంలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. ఏ పని తర్వాత ఏ పని జరగాలో రాసిపెడితే ఆ క్రమంలో చేసిపెట్టే 'మేక్' అనే ప్రోగ్రామును స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో అక్కడే రాశాడు. డిఫ్ చూపిన తేడాను పాత ఫైలుకు అతికి కొత్త ఫైలుగా మార్చే 'ప్యాచ్' ప్రోగ్రామును లారీ వాల్ 1985లో విడుదల చేశాడు. తేడా పట్టడం, అతకడం, క్రమం తప్పకపోవడం – ఈ మూడే నేటికీ ఈ విద్యకు పునాది.

ఇక విండోస్ ఇన్‌స్టాలర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. అందులో ప్రోగ్రాము ప్యాకేజీని ఎం.ఎస్.ఐ. ఫైలనీ, ప్యాచ్‌ను ఎం.ఎస్.పి. ఫైలనీ అంటారు. తయారీలో ఐదు మెట్లున్నాయి.

1. పాత ప్యాకేజీని ఒక ఫోల్డరులోకి, కొత్తదాన్ని మరొక ఫోల్డరులోకి విప్పాలి. 'ఎంఎస్ఐఎగ్జెక్' అనే ఆదేశానికి '/ఎ' గుర్తు చేరిస్తే ఈ పని జరుగుతుంది.

2. పాతది ఎక్కడుంది, కొత్తది ఎక్కడుంది అనే వివరాలు పి.సి.పి. అనే చిన్న పట్టికల ఫైలులో నింపాలి.

3. 'ఎంఎస్ఐఎంఎస్‌పి' అనే ఆదేశం నడపాలి. '-ఎస్' తర్వాత పి.సి.పి. ఫైలు పేరు, '-పి' తర్వాత తయారు కావలసిన ప్యాచ్ పేరు, '-ఎల్' తర్వాత జరిగినదంతా రాసిపెట్టే లాగ్ ఫైలు పేరు ఇస్తే సరి.

4. ప్యాచ్ మీద డిజిటల్ సంతకం చేయాలి. నడుమ ఎవరైనా మార్చితే పట్టుబడేది దీనివల్లనే.

5. పాత ప్రోగ్రాము మాత్రమే ఉన్న వేరే యంత్రం మీద '/పి', '/క్యూఎన్' గుర్తులతో ప్యాచ్ వేసి చూడాలి. '/క్యూఎన్' అంటే ఎవరినీ ఏమీ అడగకుండా నిశ్శబ్దంగా వేయమని.

ఈ ఐదింటినీ వరుసగా ఒక ఫైలులో రాసిపెట్టుకుంటే, తర్వాత ఒక్క మాటతో అన్నీ నడుస్తాయి. ఐతే ప్రతి మెట్టు ముగిశాక ఆ ఆదేశం తిరిగి ఇచ్చే అంకెను చూడాలి. 0 వస్తే పని సరిగ్గా జరిగినట్లు. ప్యాచ్ వేసేటప్పుడు 3010 వస్తే పని జరిగింది గాని యంత్రాన్ని ఆపి మళ్ళీ మొదలుపెట్టాలని అర్థం. వేరే అంకె ఏది వచ్చినా అక్కడే ఆగిపోవాలి. ఆగకుండా ముందుకు పోతే చెడిపోయిన ప్యాచ్‌కే సంతకం పడుతుంది!

చేత్తో చేస్తే ఏం పోయిందని అడగవచ్చు. రెండు సంగతులు చూడండి. ఇన్‌స్టాలర్ ప్రోగ్రాము వెర్షన్‌లో మొదటి మూడు అంకెలనే లెక్కలోకి తీసుకుంటుంది. 1.2.3.4ను 1.2.3.5 చేస్తే దాని దృష్టిలో ఏమీ మారనట్లే. అట్లాగే ఫైలు లోపల మార్పు చేసి దాని వెర్షన్ పెంచకపోతే, సాధారణంగా పాత ఫైలునే ఉంచేస్తుంది. ప్యాచ్ వేసినట్లే కనిపిస్తుంది, లోపం మాత్రం అట్లాగే ఉంటుంది. రాత్రి పది గంటలకు అలసిన మనిషి ఇవి మరచిపోవచ్చు. రాసిపెట్టిన తనిఖీ మరచిపోదు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ విండోస్‌లోని ఒక లోపానికి ప్యాచ్ విడుదల చేసింది. ఆ లోపం గుండానే మే 12న 'వన్నాక్రై' అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. మందు తయారై రెండు నెలలైనా వేయని యంత్రాలు ప్రపంచమంతటా ఎన్నో ఉన్నాయన్నమాట.

దీనికి ఎదురుగా రెండో ఉదాహరణ. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ తన రక్షణ ప్రోగ్రాముకు ఒక కొత్త ఫైలు పంపింది. అది ఇన్‌స్టాలర్ ప్యాచ్ కాదు గాని, దానంతటదే యంత్రాల్లోకి చేరే మార్పే. ప్రోగ్రాము 20 విలువలకు సిద్ధంగా ఉండగా అక్కడ 21 వచ్చాయి. తనిఖీ చేసే ప్రోగ్రాములోనూ లోపం ఉండడంతో ఆ తేడా పట్టుబడలేదు. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల యంత్రాలు పడిపోయాయి. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు.

మొదటి దాంట్లో మంచి మార్పు చేరలేదు. రెండో దాంట్లో చెడ్డ మార్పు మరీ వేగంగా చేరింది. వ్యవసాయం తెలిసిన వారికి ఇది కొత్త కాదు. చేత్తో విత్తితే తప్పు ఒక్క చోటనే జరుగుతుంది. గొర్రుతో విత్తేటప్పుడు ఒక గొట్టం పూడిపోతే ఆ సాలు పొడుగునా మొలక రాదు. అందుకని గొర్రును వదిలేయం గదా! వెనక్కి చూసుకుంటూ విత్తుతాం. కనుక ఐదో మెట్టును ఎన్నడూ వదలరాదు. ముందు ఒక యంత్రం మీద, తర్వాత పది మీద, ఆ తర్వాతే అందరికీ పంపాలి.

డిఫ్, ప్యాచ్, మేక్ – ఈ మూడూ ఉచితంగా దొరుకుతాయి. విండోస్ ప్యాకేజీలు కట్టే 'విక్స్' పనిముట్ల మూలరూపాన్ని కూడా మైక్రోసాఫ్ట్ 2004లోనే అందరికీ విడుదల చేసింది. మన ల్యాబులో ఇద్దరు మిత్రులు కూర్చుని, ఒక చిన్న ప్రోగ్రాముకు రెండు రూపాలు రాసి, నడుమ ప్యాచ్ కట్టి చూడవచ్చు. కావాలని ఒక తప్పు పెట్టి, తాము రాసిన ఆదేశాలు అక్కడ ఆగుతున్నాయో లేదో కూడా పరీక్షించాలి. ఆగితేనే ఆ విద్య వచ్చినట్లు.