ప్రసాదబుద్ధియు అనుకోని వ్యయమును

షట్స్థలములలో మూడవది ప్రసాదిస్థలము. భక్తస్థలమున అంకురించిన విశ్వాసము మహేశస్థలమున నిష్ఠగా గట్టిపడి, ప్రసాదిస్థలమున నిత్యానుభవములోనికి వచ్చును. తనకు లభించిన దానిని లింగమునకు అర్పించి, తిరిగి దానినే ప్రసాదముగా స్వీకరించువాడు ప్రసాది. తియ్యని ఫలమును అర్పించుట ఎవరికైనను సులభమే. తలవని తలంపుగా వచ్చిన నష్టమును ఆ బుద్ధితో స్వీకరించుట ఎట్లు? గృహస్థునకు ఇది కఠినమైన పాఠము. నేటి కాలమున ఈ పాఠము మఠములో కంటె మెకానిక్కు షెడ్డులోనే తరచుగా పరీక్షకు వచ్చుచున్నది.

జహీరాబాదు ప్రాంతమున కిరాణా దుకాణముతో జీవించు ఒక కుటుంబమును ఊహింపుడు. వారిది పన్నెండేండ్ల నాటి కారు. వృద్ధురాలైన తల్లికి బసవకల్యాణము చూపవలెనని 65వ జాతీయ రహదారిపై బయలుదేరిరి. హుమనాబాదు చేరకముందే ఇంజను వేడిని చూపు ముల్లు ఎర్రగీతను తాకినది. ఇంకెంత దూరమని ఇంటి యజమాని ఆపక నడిపెను. నీటి పంపు చెడి కూలెంటు కారిపోయిన బండిని అట్లు నడిపినచో సిలిండరు హెడ్డు వేడికి వంగును. హెడ్డుకును బ్లాకునకును నడుమ నుండు గ్యాస్కెట్టు దెబ్బతినును. పంపు ఖర్చుతో పోవలసినది 38,000 రూపాయల బిల్లు అయినది. బీమా ఉన్నది గదా యనుకొనిరి. సమగ్ర బీమా ప్రమాదమునకు, దొంగతనమునకు వర్తించును గాని, యంత్రము తనంతట అరిగి చెడిన దానికి సాధారణముగా వర్తింపదు. ఇంటిలో నున్నది కుమార్తె కళాశాల రుసుమునకై దాచిన సొమ్ము మాత్రమే.

“నాయనా, ఎవరి దిష్టియో తగిలినది. జోస్యుని అడిగి రమ్ము” అని తల్లి అనెను. కుమారుడు మరునాటి ఉదయము ఇష్టలింగమును అరచేత నుంచుకొని కూర్చుండెను. చూపు లింగముపై నున్నది, మనస్సు బిల్లుపై నున్నది. పూజ ముగియకమునుపే అతనికొక ఉపాయము తోచెను: రేడియేటరులో లీకు ఆపు మందు పోయించి, ఈ నెలలోనే బండిని ఎవరికైనను అమ్మివేయుట.

తల్లి మాట ప్రేమతో వచ్చినదే గాని శరణమార్గమునకు పొసగదు. మెడలో ఇష్టలింగము ధరించినవారికి దిష్టి భయమెందుకు? ముహూర్తములను, శకునములను పట్టుకొని వ్రేలాడుటను వచనకారులు నిరాకరించిరి. పంపు చెడుటకు కారణము పంపులోనే యున్నది. దానిని శివుని ఆగ్రహముగా తలచుట శివుని చిన్నబుచ్చుటయే. అట్లని సర్వము శివేచ్ఛ యని బండిని షెడ్డులో వదలి ఊరకుండుటయు ప్రసాదబుద్ధి కాదు, అది సోమరితనము.

కుమారుని ఉపాయము ఇంతకంటె ప్రమాదకరము. ఇక్కడ ఆయ్దక్కి మారయ్య లక్కమ్మల కథ స్మరణీయము. పన్నెండవ శతాబ్దమున కల్యాణములో రాలిన బియ్యపు గింజలను ఏరుట మారయ్య కాయకము. ఒకనాడతడు నిత్యము కంటె అధికముగా బియ్యము తెచ్చెను. ఆ యధికమును లక్కమ్మ ఇంట నుంచుకొననీయలేదు. తెచ్చిన చోటనే పోసి రమ్మనెను. మరునాటికి గింజ నిలువలేని ఇల్లాలు అట్లనగలిగినదే విశేషము. నిండుకుండ గల ఇంట ఎవరైనను ధర్మము చెప్పగలరు.

ఈ కుటుంబమున ఆ పని కోడలు చేసెను. “ఏమండీ, కొనువాడును తన తల్లిని ఎక్కించుకొని ఏదో ఒక దారిని పోవును గదా!” అని మాత్రమే అనెను. భర్త మారు పలుకలేదు. అమ్మదలచినచో లోపమును చెప్పి, దానికి తగిన ధరకే అమ్మవలెను, లేదా బాగుచేయించుకొనవలెను. వారు బాగుచేయించుకొనుటకే నిశ్చయించిరి.

మెకానిక్కు పనియు కాయకమే. త్రాడు పేనిన నులియ చందయ్యకును, చెప్పులు కుట్టిన హరళయ్యకును, మంత్రిపదవి నిర్వహించిన బసవేశ్వరునకును శరణసంఘమున సమాన గౌరవము లభించినది. కనుక నూనె మరకల చేతులను చూచి కూలిలో కోత పెట్టుట తగదు. అయినను ఏ భాగమునకెంత, కూలియెంత యని విడివిడిగా వ్రాయించుకొనుట, తీసివేసిన పాత భాగములను చూపుమనుట, పెద్ద పనికి మరియొక షెడ్డులో విచారించుట గృహస్థుని కర్తవ్యములు. లెక్క అడుగుట అవమానించుట కాదు. నిజాయితీగల పనివాడు అందుకు నొచ్చుకొనడు.

సొమ్ము చాలనపుడు అధిక వడ్డీకి పరుగెత్తక, రుసుమును వాయిదాలలో కట్టుటకు కళాశాలవారిని ముందుగానే అడుగవచ్చును. ఈ కుటుంబమువారు అట్లే చేసి, కారును కొన్నాళ్లు షెడ్డులోనే నిలిపి, రుసుము సొమ్ములో కొంత మిగుల్చుకొని, బస్సులలో తిరిగిరి. ఆ పిమ్మట దుకాణపు రాబడి నుండి నెలకు 1,000 రూపాయలు బండి పేర వేరుగా ఉంచసాగిరి. ప్రతి దూరప్రయాణమునకు ముందు ఇంజను చల్లగా ఉన్నప్పుడు కూలెంటు మట్టమును చూచుట ఆ బాలిక పనియైనది.

మిగిలినది దాసోహము. ఏటేట మఠమునకు బియ్యపు బస్తా సమర్పించు ఇల్లది. ఆ సంవత్సరము సిగ్గుపడి మఠమునకే పోకుండుట మేలని యజమాని తలచెను. అట్టి సిగ్గు భక్తిలోనిది కాదు, అహంకారములోనిది. కోడలు ఐదు కిలోల బియ్యము మూట గట్టెను. తల్లి దానిని ఒడిలో పెట్టుకొని, బస్సులో కూర్చుండి, మఠమునకు బయలుదేరెను.